తౌడు తిన్న పొట్టేలు, పత్తిగింజ తిన్న దున్న: మేతలోని నూనె మాంసంలోకి ఎంతవరకు వస్తుంది?

షెడ్డులో పెంచిన పొట్టేలు మాంసం అనగానే కొందరు మొహం చిట్లిస్తారు. "దాణా మీద పెరిగింది, కొవ్వెక్కువ ఉంటది" అంటారు. దాన్ని పెంచిన రైతు లెక్క వేరు. తౌడు, చెక్క ఎంత గట్టిగా పెడితే పిల్ల అంత తొందరగా తూకానికి వస్తుందని ఆయన నమ్మకం. యూట్యూబ్ తెరిస్తే ఇంకా తికమక. రోజూ కొంచెం నూనె తాగించమని ఒకరు చెబుతారు. అవిశ గింజలు (ఫ్లాక్స్) పెడితే ఒమేగా-3 మాంసం వస్తుందని ఇంకొకరు, బయట మేసిన జీవానికి కొవ్వే ఉండదని మరొకరు. అందరూ మాట్లాడేది ఒకే సంగతి గురించి: మేతలో ఉన్న కొవ్వు మాంసంలోకి వస్తుందా, రాదా?

నెమరు వేసే జీవాల్లో అది నేరుగా రాదు. వచ్చే కొంచెం కూడా మేతలో ఉన్న రూపంలో రాదు. ఇక్కడ మూడు సంగతులు కలగాపులగం అయిపోతున్నాయి. ఒంట్లో కొవ్వు ఎంత పడుతుంది అన్నది ఒకటి. ఏ రకం కొవ్వు పడుతుంది అన్నది ఇంకొకటి. మాంసం రంగు, వాసన, ఎన్నాళ్లు ఆగుతుంది అన్నది మూడోది. మూడింటికీ కారణాలు వేరు.

మాంసం నాణ్యత మీద ప్రపంచంలో జరిగిన పరిశోధనలో ఎక్కువ భాగం అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్ వంటి దేశాల గొడ్డు మాంసం మీద జరిగింది. తెలంగాణలో ఆవును కోయడాన్ని చట్టం నిషేధించింది కాబట్టి ఇక్కడ పెద్దకూర అంటే ప్రధానంగా దున్న, బర్రె మాంసం. గొర్రెల్లో మాత్రం మనమే ముందున్నాం. 2019 పశుగణన ప్రకారం దేశంలో ఎక్కువ గొర్రెలున్న రాష్ట్రం తెలంగాణ, సుమారు 1.9 కోట్లు. 2017లో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో 75 శాతం సబ్సిడీ మీద 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. ఆవు, బర్రె, గొర్రె మూడూ నెమరు వేసేవే. లోపల జరిగే పని చాలావరకు ఒకటే, తేడాలున్న చోట చెబుతాను.

ఏ కొవ్వు గడ్డకడుతుంది, ఏది కారుతుంది

ఆదివారం వండిన యాటకూర గిన్నె మీద సోమవారం పొద్దునకు తెల్లటి పొర కడుతుంది. గరిటెతో తోస్తే పెచ్చులుగా లేస్తుంది. చలికాలమైతే తినేటప్పుడే పెదవులకు, అంగిలికి అంటుకుంటుంది. కోడికూర మీద తేలిన కొవ్వు మాత్రం హైదరాబాద్ ఎండాకాలంలో గడ్డకట్టదు.

కొవ్వు అనేది కొవ్వు ఆమ్లాలతో తయారవుతుంది. వాటిలో సంతృప్త ఆమ్లాలు గట్టివి, అసంతృప్త ఆమ్లాలు పలచనివి. గొర్రె కొవ్వులో బాగా ఉండే స్టియరిక్ ఆమ్లం కరగాలంటే సుమారు 70 డిగ్రీల వేడి కావాలి. పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్ ఆమ్లానికి 63 డిగ్రీలు. పల్లినూనెలో ఎక్కువగా కనిపించే ఒలియిక్ ఆమ్లం 13, 14 డిగ్రీలకే కరుగుతుంది. పొద్దుతిరుగుడు, పత్తిగింజ నూనెల్లోని లినోలియిక్ ఆమ్లం సున్నాకు కింద 5 డిగ్రీల దగ్గర కూడా ద్రవమే. అవిశల్లోను, పచ్చిగడ్డిలోను ఉండే లినోలెనిక్ ఆమ్లం ఇంకా పలచన. జనం ఒమేగా-3 అని పిలిచే వాటిలో ఇదొకటి.

మాంసం కొవ్వు గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్నది ఈ ఆమ్లాల పాళ్ల మీదే ఆధారపడుతుంది. గొడ్డు కొవ్వులో సుమారు సగం సంతృప్తం, మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఒలియిక్. లినోలియిక్, లినోలెనిక్ రెండూ కలిపినా మామూలుగా 5 శాతం దాటవు. జీవం తిన్న గడ్డిలో, చెక్కలో, తౌడులో ఉన్న కొవ్వు చూస్తే ఇందుకు తలకిందులు. అక్కడ పలచని ఆమ్లాలదే పైచేయి. మధ్యలో ఏదో జరుగుతోంది.

మన దాణాలో నూనె ఎక్కడుంది

నల్లగొండ జిల్లా అంటే సాగర్ ఎడమ కాలువ, మిర్యాలగూడ రైస్ మిల్లులు. కాబట్టి తౌడుకు కరువు లేదు. మిల్లు నుంచి వచ్చిన పచ్చి తౌడులో 12 నుంచి 18 శాతం నూనె ఉంటుంది. సాల్వెంట్ ప్లాంటుకు వెళ్లి నూనె తీయించుకుని వచ్చిన తౌడులో ఒక శాతం అటూ ఇటూ మాత్రమే మిగులుతుంది. బస్తా మీద రెండింటినీ 'తౌడు' అనే అంటారు, చూడ్డానికీ దాదాపు ఒకలాగే ఉంటాయి, కానీ కొవ్వు లెక్కలో వాటికీ వీటికీ పొంతనే లేదు. దాణా ధరలు పెరిగాయని 2023 జూలైలో కేంద్రం ఎగుమతి ఆపింది ఈ నూనె తీసిన తౌడునే.

నల్లగొండ పత్తికి కూడా పెద్ద జిల్లా. జిన్నింగ్ మిల్లు నుంచి వచ్చే గింజలో 18 నుంచి 20 శాతం నూనె ఉంటుంది. గానుగలో ఆడించాక మిగిలిన పత్తిచెక్కలో 6, 7 శాతం. పాలమూరు వైపు, ముఖ్యంగా వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ ప్రాంతాల్లో, పల్లిచెక్క దొరుకుతుంది. అదీ గానుగదైతే 7, 8 శాతం నూనె, సాల్వెంట్‌దైతే ఒక శాతం. మక్కలో 4 శాతం. వరిగడ్డి, జొన్న చొప్ప, కంది పొట్టు లాంటివి ఒకటి రెండు శాతం దగ్గరే ఆగిపోతాయి. ఆముదం చెక్కలో కూడా నూనె మిగులుతుంది కానీ దాని జోలికి పోవద్దు. అందులోని రిసిన్ విషం. పొలానికి ఎరువుగానే పనికొస్తుంది.

పెద్దపొట్టలో కొవ్వు మారిపోయే తీరు

జీవం మింగిన మేత ముందు చేరేది రూమెన్‌లోకి. నాలుగు గదుల పొట్టలో ఇదే అన్నిటికన్నా పెద్దది. పెద్ద బర్రెలో దీని లోపల బిందెలకొద్దీ సరుకు పడుతుంది. గాలి తగలని ఆ చోట కోట్లకొద్దీ సూక్ష్మజీవులు బతుకుతూ, గడ్డిని పులియబెట్టి బర్రెకు శక్తిగా మార్చి ఇస్తాయి. మనిషికి అరగని వరిగడ్డిని బర్రె అరిగించుకోగలిగేది వీటి చలవే.

ఈ సూక్ష్మజీవులకు నూనె పడదు. ముఖ్యంగా పలచని, అసంతృప్త ఆమ్లాలు వాటికి విషంతో సమానం. తౌడులోని నూనె రూమెన్‌లోకి చేరగానే అవి మొదట కొవ్వును ముక్కలు చేసి ఆమ్లాలను విడదీస్తాయి. తర్వాత ఆ ఆమ్లాలకు హైడ్రోజన్ అతికిస్తాయి. డాల్డా ఫ్యాక్టరీలో నూనెకు హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించినట్టే ఇక్కడా జరుగుతుంది, వేడి, నికెల్ లాంటివేమీ లేకుండా. పలచని లినోలియిక్ మెట్టు మెట్టుగా మారుతూ చివరికి గట్టి స్టియరిక్ అవుతుంది. పరిశోధనల్లో తేలిందేమిటంటే, లినోలియిక్‌లో సుమారు 70 నుంచి 95 శాతం, లినోలెనిక్‌లో 85 నుంచి దాదాపు మొత్తం ఇలా మారిపోతుంది.

ఒక లెక్క వేసుకుందాం. పొట్టేలు పిల్లకు రోజుకు 200 గ్రాముల పచ్చి తౌడు పెట్టామనుకోండి. 15 శాతం చొప్పున అందులో 30 గ్రాముల నూనె. తౌడు నూనెలో లినోలియిక్ సుమారు మూడో వంతు, అంటే 10 గ్రాములు. రూమెన్ దాటేసరికి అందులో 1, 2 గ్రాములు బతికి బయటపడితే గొప్ప. మిగతాది స్టియరిక్‌గానో, మధ్య దశల్లో ఆగిపోయిన ఇతర ఆమ్లాలుగానో పేగుల్లోకి దిగుతుంది.

ఈ మధ్య దశలు ఊరికే పోవు. హైడ్రోజన్ అతికించే పని సగంలో ఆగినప్పుడు వాక్సెనిక్ ఆమ్లం, సీఎల్ఏ అనే పదార్థాలు పుడతాయి. పాలలో, మాంసంలో సహజంగా ఉండే ట్రాన్స్ కొవ్వు ఇదే. కారఖానాలో తయారయ్యే ట్రాన్స్ కొవ్వుకు దేశంలో 2022 నుంచి 2 శాతం పరిమితి పెట్టారు. పశువు కడుపులో పుట్టేది చాలా కొద్దిగా ఉంటుంది, ఆమ్లాల పాళ్లు కూడా వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదనే వాదన బలంగానే ఉంది.

కోడికీ, పందికీ రూమెన్ లేదు. అవి ఏ నూనె తింటే ఒంట్లో ఆ నూనె పోలికే వస్తుంది. పల్లీలు విపరీతంగా పెట్టిన పంది కొవ్వు మెత్తగా, జారిపోయేలా తయారవుతుందని వందేళ్ల కిందటే గమనించారు. కోడిగుడ్డులో ఒమేగా-3 పెంచడం సులువు, పొట్టేలు మాంసంలో పెంచడం కష్టం కావడానికి కారణం ఇదే. యూట్యూబ్‌లో కోడి లెక్కను తెచ్చి పొట్టేలుకు అంటగట్టేవాళ్లు ఈ ఒక్క తేడానూ దాటేస్తున్నారు.

కొవ్వు పడేది మిగులు శక్తి వల్ల

మరి దాణా మీద పెరిగిన పొట్టేలుకు కొవ్వు ఎక్కడి నుంచి వస్తోంది? నూనె నుంచి వచ్చే భాగం కొంతే. ఎక్కువ భాగం ఆ జీవం సొంతంగా తయారు చేసుకునేదే. గడ్డి, మక్కలు రూమెన్‌లో పులిసినప్పుడు పుట్టే ఎసిటేట్ నుంచి, మక్కల పిండి పదార్థం నుంచి వచ్చే గ్లూకోజ్ నుంచి శరీరం కొవ్వు అల్లుకుంటుంది. నడక, పెరుగుదల, ఒంటి వేడి ఇవన్నీ పోగా మిగిలిన శక్తి ఎంత అన్నదే అసలు లెక్క. రోజంతా గుట్టలెక్కి దిగే మందలో మిగులు తక్కువ. షెడ్డులో నిలబడి మక్కలు తినే పొట్టేలుకు ఎక్కువ. వయసు కూడా ముఖ్యమే. మూడు నుంచి ఆరు నెలల పిల్ల తిన్నది ఎక్కువగా కండకు పోతుంది. పెరుగుదల ఆగిన పొట్టేలు అదే మేతను కొవ్వు చేస్తుంది. కాబట్టి షెడ్డు పొట్టేలుకు కొవ్వెక్కువ అనే మాట కొంత నిజమే గానీ, తప్పు చాలాసార్లు అమ్మాల్సిన సమయం దాటాక కూడా పెట్టిన దాణాది.

కొవ్వు ఒంట్లో చేరే వరుస కూడా ఉంది. మొదట మూత్రపిండాల చుట్టూ, పేగుల మీద. తర్వాత కండల మధ్య, చర్మం కింద. అన్నిటికన్నా ఆఖర్న కండ లోపలి పోగుల మధ్య. ఈ ఆఖరిదాన్ని మార్బ్లింగ్ అంటారు, కోసిన ముక్క మీద సన్నటి తెల్ల గీతలుగా కనిపిస్తుంది. అమెరికాలో గొడ్డు మాంసానికి ప్రైమ్, చాయిస్, సెలెక్ట్ అని గ్రేడు ఇచ్చేటప్పుడు దీన్నే ప్రధానంగా చూస్తారు. జపాన్ వాగ్యు పశువుల మాంసంలో ఇది 30 శాతం కూడా దాటుతుంది. అందుకు మేత ఒక్కటే కారణం కాదు, ఆ జాతి రక్తంలోనే ఆ గుణం ఉంది. అదనంగా, కొవ్వు బాగా పట్టడానికి కొన్నాళ్లు దాణాలో ఎ విటమిన్ తగ్గించే పద్ధతి కూడా అక్కడ ఉంది.

మన దున్న మాంసం దీనికి పూర్తిగా అవతలి కొస. 100 గ్రాముల కండలో ఒకటి, రెండు గ్రాముల కొవ్వే ఉంటుంది. చాలావాటిని మాంసం కోసం పెంచరు. పాలివ్వడం ఆపిన బర్రె, వయసు మీద పడిన దున్నపోతు కబేళాకు పోతాయి. దూడగా ఉన్నప్పుడు మగదైతే దానికి పాలు కూడా సరిగ్గా దక్కవు. ఈ మాంసం గట్టిగా ఉండటానికి కొవ్వు లేకపోవడం కన్నా వయసే పెద్ద కారణం. ముసలి కండలో బంధన కణజాలం బిగుసుకుపోతుంది, ఉడకడానికి గంటలు పడుతుంది. అలాంటి జీవానికి చివరి నెలలో నూనె పెట్టి మాంసం మెత్తబడుతుందని ఆశించడం అనవసరం.

మార్బ్లింగ్ విషయంలో ఇంకో చర్చ ఉంది. చర్మం కింది కొవ్వు ఎక్కువగా ఎసిటేట్ నుంచి, కండ లోపలి కొవ్వు ఎక్కువగా గ్లూకోజ్ నుంచి తయారవుతుందని చాలాకాలంగా ఒక సిద్ధాంతం నడుస్తోంది. మక్కలు పెడితే మార్బ్లింగ్ పెరుగుతుందనే నమ్మకానికి ఆధారం అదే. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దీన్ని సమర్థించాయి, కొన్ని మక్కల వల్ల మొత్తం శక్తి పెరిగిందే తప్ప ప్రత్యేకమైన మాయ ఏమీ లేదన్నాయి. ఇప్పటికైతే రెండో పక్షమే నాకు కొంచెం బరువుగా కనిపిస్తోంది.

పరిమితి దాటితే: ఒక పొట్టేలు పిల్ల లెక్క

నూనెలో శక్తి ఎక్కువ. ఒక గ్రాము పిండి పదార్థం ఇచ్చేదానికి రెండుంపావు రెట్లు. అలాంటప్పుడు ఎక్కువ నూనె పెడితే లాభమే కదా అనిపిస్తుంది. ఇక్కడే రూమెన్ అడ్డం తిరుగుతుంది. మేత పొడి బరువులో మొత్తం కొవ్వు 6, 7 శాతం దాటితే గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. నూనె పోగుల మీద పొరలా పట్టి వాటిని దరి చేరనివ్వదు కూడా. గడ్డి అరగదు, జీవం మేత తగ్గిస్తుంది, పెంట పలచబడుతుంది. నూనె ఇచ్చిన శక్తి కన్నా పోయిన శక్తి ఎక్కువ.

20 కిలోల పొట్టేలు పిల్లను తీసుకోండి. ఒంటి బరువులో 4 శాతం చొప్పున రోజుకు 800 గ్రాముల పొడిమేత తింటుంది. అందులో 400 గ్రాముల కంది పొట్టు, ఎండు పల్లిమేత (2 శాతం చొప్పున కొవ్వు 8 గ్రాములు), 150 గ్రాముల మక్కలు (6 గ్రాములు), 50 గ్రాముల గానుగ పల్లిచెక్క (4 గ్రాములు), 200 గ్రాముల పచ్చి తౌడు (30 గ్రాములు). మొత్తం 48 గ్రాముల కొవ్వు. 800లో సరిగ్గా 6 శాతం, గీత మీద నిలబడ్డాం.

మక్కల ధర ఎక్కువైందని రైతు మక్కలు ఆపేసి ఆ 150 గ్రాములూ తౌడే పెట్టాడనుకోండి. తౌడు 350 గ్రాములు, అందులో 52 గ్రాముల నూనె. చెక్క, పొట్టు కలిపితే 64 గ్రాములు, అంటే 8 శాతం. ఆయన ఒక్క చుక్క నూనె కూడా విడిగా పోయలేదు, అయినా పరిమితి దాటిపోయింది. అదే 350 గ్రాములూ నూనె తీసిన తౌడైతే మొత్తం కొవ్వు 2 శాతం చుట్టూ ఉంటుంది, గోల లేదు, కాకపోతే శక్తి తక్కువ. బస్తాలో ఏ తౌడుందో తెలియకుండా ఎవరు ఎంత పెట్టాలో చెప్పడం కుదరదు.

తౌడుతో ఇంకో రెండు చిక్కులున్నాయి. మిల్లు ఆడగానే తౌడులోని ఎంజైమ్ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది, కొన్ని రోజుల్లోనే ముక్కిన వాసన వస్తుంది. రెండోది, తౌడులో ఫాస్ఫరస్ ఎక్కువ. కాల్షియం సరిచూడకుండా మగ పిల్లలకు తౌడు మీద తౌడు పెడితే మూత్రంలో రాళ్లు పడి, మూత్రం ఆగిపోయి చనిపోతాయి. కొవ్వుతో దీనికి సంబంధం లేదు గానీ, పొట్టేలు దాణా అంటే తౌడు అనుకునే చోట చెప్పకుండా పోలేను.

రూమెన్‌ను తప్పించి కొవ్వు పంపే దారి కూడా ఉంది. బైపాస్ ఫ్యాట్ అని పాడి రైతులకు అమ్మేది అదే. పామాయిల్ కొవ్వు ఆమ్లాలకు కాల్షియం కలిపి సబ్బులా చేస్తారు. రూమెన్‌లో కరగదు, తర్వాతి గదిలో ఆమ్లం తగలగానే విడిపోతుంది. పాల బర్రెకు ఇది ఉపయోగమే. మాంసానికి పెంచే పొట్టేలుకు ఇస్తే మాత్రం శక్తితో పాటు పామిటిక్ ఆమ్లాన్ని కూడా లోపలికి పంపుతున్నట్టు. కొవ్వు మెత్తబడుతుందని ఆశించలేం.

పత్తిగింజ చేసే విచిత్రం

పత్తిగింజ నూనెలో సగానికి పైగా లినోలియిక్ ఆమ్లమే. వంటింట్లో మామూలుగా గడ్డకట్టదు. కానీ పశువులకు పత్తిగింజలు బాగా పెడితే వాటి ఒంటి కొవ్వు మరింత గట్టిపడుతుంది. రూమెన్ ఒక్కటే దీనికి కారణం అనుకుంటే పొరపాటు.

పేగుల నుంచి వచ్చిన స్టియరిక్‌ను పశువు శరీరం ఉన్నదున్నట్టు వాడుకోదు. కొవ్వు కణాల్లో ఒక ఎంజైమ్ దాన్ని తిరిగి పలచని ఒలియిక్‌గా మారుస్తుంది. డీశాచురేజ్ అని దాని పేరు. రూమెన్ గట్టిపరిచినదాన్ని కొంతవరకు మళ్లీ మెత్తబరిచేది ఇదే, గొడ్డు కొవ్వులో ఒలియిక్ అంతగా ఉండటానికి కారణమూ ఇదే. వాగ్యు కొవ్వు నోట్లో కరిగేంత మెత్తగా ఉండటంలోనూ దీని పాత్ర పెద్దది. పత్తిగింజ నూనెలో కొద్ది మోతాదులో ఉండే స్టెర్కులిక్, మాల్వాలిక్ అనే ఆమ్లాలు సరిగ్గా ఈ ఎంజైమ్‌నే ఆపేస్తాయి. దాంతో స్టియరిక్ స్టియరిక్‌గానే కొవ్వులో చేరుతుంది.

గింజ పెట్టడానికీ, చెక్క పెట్టడానికీ తేడా ఇక్కడ బయటపడుతుంది. కిలో పత్తిగింజలో 180 నుంచి 200 గ్రాముల నూనె ఉంటే, కిలో గానుగ చెక్కలో 60, 70 గ్రాములు. అంటే ఆ ఆమ్లాలు కూడా దాదాపు మూడో వంతే. మన బర్రెలకు ఎక్కువమంది పెట్టేది చెక్కే కాబట్టి ప్రభావం అంతగా ఉండదు. పత్తిలోని గాసిపోల్ అనే విషపదార్థం సంగతి వేరు. పెద్ద జీవాల రూమెన్ దాన్ని చాలావరకు కట్టడి చేస్తుంది, రూమెన్ ఇంకా ఎదగని చిన్న పిల్లలకు ఆ రక్షణ లేదు.

మక్కలు, పిండి దాణా మితిమీరి తిన్న గొర్రె పిల్లల్లో ఇందుకు ఎదురు జరుగుతుంది. వాటి చర్మం కింది కొవ్వు మెత్తగా, జిడ్డుగా తయారవుతుంది. పిండి దాణా రూమెన్‌లో పులిసి ప్రొపియోనేట్ అనే పదార్థాన్ని పెంచుతుంది, కాలేయం అంతటినీ వాడుకోలేనప్పుడు అది కొమ్మలున్న కొవ్వు ఆమ్లాలుగా మారి కొవ్వులో చేరుతుంది. ఒక్క చుక్క నూనె లేని దాణాతో కొవ్వు మెత్తబడటం, నూనెగింజతో గట్టిబడటం రెండూ సాధ్యమే అన్నమాట.

అవిశలు, పచ్చిక, ఒమేగా-3

పచ్చిక మీద పెరిగిన పశువు మాంసంలో ఒమేగా-3 ఎక్కువ అన్నది నిజం. ధాన్యం మీద పెరిగినదానితో పోలిస్తే రెండు మూడు రెట్లు కూడా ఉంటుంది. రూమెన్ దాదాపు అంతా మార్చేసినా, రోజంతా మేసే పచ్చిగడ్డిలో లినోలెనిక్ అంత ఎక్కువ కాబట్టి కొంత జారిపోయి ఒంట్లో చేరుతుంది. అవిశలు పెట్టినా అంతే.

కానీ రెట్లు వేరు, గ్రాములు వేరు. పచ్చిక మీద పెరిగిన పశువు కొవ్వు తక్కువున్న మాంసం 100 గ్రాముల్లో ఉండే లినోలెనిక్ మామూలుగా కొన్ని పదుల మిల్లీగ్రాములు. ఒక చెంచా అవిశల పొడిలో, అంటే సుమారు 3 గ్రాముల్లో, 600 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. ఒమేగా-3 కోసమే అయితే అవిశల్ని పొట్టేలు ద్వారా తిప్పి తినడం ఖరీదైన దారి.

ఇంకో మెలిక మన వాతావరణానిది. లినోలెనిక్ ఉండేది ఆకు పచ్చదనంలో. గడ్డి ఎండి రంగు పోయేకొద్దీ అదీ పోతుంది. ఐర్లాండ్, న్యూజిలాండ్ పచ్చిక మీద చేసిన పరిశోధన ఫలితాలు పాలమూరు మందకు వానాకాలంలో కొంత వర్తిస్తాయేమో. మార్చి, ఏప్రిల్‌లో కోసిన కంది చేలల్లో, ఎండిన గడ్డి మీద, చెట్టు రొట్ట మీద బతికే దక్కనీ గొర్రె కూడా 'బయట మేసిందే'. దానికి దొరికింది పచ్చిక కాదు. 'మేపుడు మాంసం' అని ఎక్కువ ధర చెప్పేవాళ్లను ఏ నెలలో మేసింది అని అడగడంలో తప్పు లేదు.

తుమ్మకాయల సంగతి ఆసక్తికరం. ఎండాకాలం మన కాపరులు రాల్చి పెట్టే తుమ్మకాయల్లో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. అవి రూమెన్ సూక్ష్మజీవుల దూకుడును కొంత తగ్గిస్తాయి, కాబట్టి కొంచెం ఎక్కువ అసంతృప్త కొవ్వు మాంసందాకా చేరొచ్చని ఆలోచన. టానిన్ల మీద చేసిన ప్రయోగాల్లో ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు.

రంగు, వాసన, నిల్వ

పచ్చిక మేసిన ఆవు కొవ్వు పసుపుపచ్చగా ఉంటుంది, గడ్డిలోని కెరోటిన్ వల్ల. బర్రె కెరోటిన్‌ను ఎ విటమిన్‌గా మార్చేసుకుంటుంది, కాబట్టి ఏం తిన్నా దాని కొవ్వు తెల్లగానే ఉంటుంది. బర్రె వెన్న తెలుపు, ఆవు వెన్న పసుపు కావడం కూడా ఇందుకే. గొర్రె కొవ్వూ మామూలుగా తెలుపే. కాబట్టి కొవ్వు తెల్లగా ఉంది, ఇది షెడ్డుదే అని మటన్ కొట్టు దగ్గర తేల్చేయడం కుదరదు.

యాటకూర వాసన కూడా చాలావరకు కొవ్వులోనే ఉంటుంది. పైన చెప్పిన కొమ్మలున్న ఆమ్లాల్లో కొన్నిటికి ఆ ప్రత్యేకమైన వాసన ఉంది. వయసు పెరిగిన, విత్తులు కొట్టని పొట్టేలులో అది ఎక్కువ. పచ్చిక మేసినవాటిలో స్కటోల్ అనే ఇంకో పదార్థం ఇంకో వాసన తెస్తుంది. షెడ్డు మాంసం నీచు అనే వాళ్లు, మంద మాంసం నీచు అనే వాళ్లు ఇద్దరూ ముక్కు పట్టినదే చెబుతున్నారు, కాకపోతే వాసనలు వేరు. చిన్నప్పటి నుంచి ఏది తిన్నామో అదే మనకు మంచి వాసన.

నిల్వ విషయంలో మాత్రం లెక్క సూటిగా ఉంది. మాంసంలో పలచని కొవ్వు పెరిగితే అది తొందరగా ముక్కుతుంది. ఆ ప్రక్రియే మాంసం ఎర్రదనాన్ని కూడా లాగేసి గోధుమ రంగులోకి తిప్పుతుంది. అవిశలు పెట్టి ఒమేగా-3 పెంచినప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. అడ్డుకునేది ఇ విటమిన్. పచ్చిగడ్డిలో అది పుష్కలంగా ఉంటుంది కాబట్టి పచ్చిక మాంసం తన ఒమేగా-3ని తానే కాచుకుంటుంది. ఎండుమేత, దాణా మీద ఉన్నవాటికి విడిగా కలపాలి. అమెరికాలో గొడ్లకు కోతకు ముందు సుమారు వంద రోజులు రోజుకు 500 యూనిట్ల చొప్పున ఇచ్చి మాంసం రంగు నిలబడే రోజులు పెంచారు. పొద్దున కోసి మధ్యాహ్నానికి పొయ్యి మీదికి ఎక్కించే మన ఊళ్లలో ఇది సమస్యే కాదు. ప్యాకెట్లో పెట్టి ఫ్రిజ్‌లో అమ్మే హైదరాబాద్ దుకాణానికి సమస్యే.

కొవ్వు మంచిదా, చెడ్డదా: రెండు వాదనలు

సంతృప్త కొవ్వు రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది కాబట్టి తగ్గించాలన్నది ఎక్కువమంది వైద్యుల మాట. పశువుల కొవ్వులో ఎక్కువగా ఉండే స్టియరిక్ సంతృప్తమే అయినా కొలెస్ట్రాల్‌ను పెద్దగా పెంచదు, పామిటిక్ పెంచుతుంది, రెండింటినీ ఒకే పేరుతో లెక్కెయ్యకూడదన్నది రెండో వాదన. దీనికి మంచి ఆధారాలే ఉన్నాయి. కానీ మాంసం కొవ్వులో పామిటిక్ కూడా నాలుగో వంతు దాకా ఉంటుంది. దాణా మార్చి దీన్ని కదిలించగలిగేది కొంచెమే. ముక్క మీది కొవ్వును కత్తితో తీసేస్తే తగ్గే గ్రాములు, అవిశల దాణాతో మారే గ్రాముల కన్నా చాలా ఎక్కువ.

సంతలో కొవ్వుకు ధర ఎవరు కడతారు

పెబ్బేరు లాంటి సంతలో పొట్టేలును కొనేవాళ్లు నడుం మీద చెయ్యి వేసి, వెన్నుపూస మొనలు ఎంత తగులుతున్నాయో చూస్తారు. తోక మొదట్లో నొక్కి చూస్తారు. అది కొవ్వును కొలవడమే. దేశదేశాల్లో పశువైద్యులు ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేసే ఒంటితీరు పరీక్షలోనూ గొర్రె నడుం మీద చెయ్యి పెట్టే చూస్తారు. ఈ చేతికి కొవ్వు ఎంతుందో తెలుస్తుంది, ఏ రకమో తెలియదు. షెడ్లవాళ్లు బతికున్న బరువు మీద కిలోకు ఇంత అని అమ్ముతారు. మటన్ కొట్టులో కండ, కొవ్వు, ఎముక కలిపి ఒకే తూకం, ఒకే ధర. మూత్రపిండాల చుట్టూ పేరుకున్న కొవ్వును కొట్టువాడు తీసి పక్కన పెడతాడు, దాన్ని పెంచడానికి రైతు పెట్టిన తౌడు ఖర్చు మాత్రం బరువులో కలిసి వసూలైపోయి ఉంటుంది. అమెరికాలో మార్బ్లింగ్ గ్రేడుకు తగ్గట్టు రైతు చేతికి డబ్బు వస్తుంది కాబట్టి అక్కడి దాణా ఆ గ్రేడు కోసం తయారవుతుంది. ఇక్కడి దాణా కిలోల కోసం తయారవుతుంది. మక్కలు తగ్గించి పచ్చి తౌడు పెంచే రైతును ఆపాలంటే ఒమేగా-3 గురించి చెప్పడం కన్నా, 8 శాతం దగ్గర పిల్ల మేత తగ్గించి కిలోలు పోగొట్టుకుంటుందని చూపించడమే తొందరగా పనిచేస్తుంది.